లైను చివరి రెసిస్టరు

ఇంకొంచెం మంట దగ్గరికి జరుగు బిడ్డా, చలి పెడ్తుంది. రేపటి సంది అలారాల పనిల చేరుతున్నవని మీ నాయిన చెప్పిండు. ఆ పనిలనే నా తల నెరిసింది. నీకో ముచ్చట చెప్పాలె, మనసు పెట్టి ఇను.

మా కాలంల సికింద్రాబాదు జనరల్ బజార్ల బంగారం దుకాణాలకు అలారాలు పెడుతుంటిమి. కెమెరాలు యాడివి గప్పుడు? ఒక ఇనుప డబ్బా, అండ్ల 12 వోల్టుల బ్యాటరీ, గోడ మీద సైరను, తలుపుకు అయస్కాంతం, చౌకట్టుకు రీడ్ స్విచ్చి. షోకేసు అద్దాలకు సుట్టూ సన్నటి రేకు పట్టీ అతికిస్తుంటిమి. అద్దం పలిగితే పట్టీ తెగుతది, అండ్ల పారే కరెంటు ఆగుతది, సైరను మోగుతది.

మా ఉస్తాదు పని నేర్పుకుంట పాత సంగతులు కూడా చెప్పేటోడు. 1853ల అమెరికాల బోస్టను పక్కన ఆగస్టస్ పోప్ అనేటాయన కరెంటు అలారానికి పేటెంటు తీసుకున్నడట. తలుపు తెరిస్తే తీగలు కలిసి గంట మోగేది. మంచిగనే ఉంది. మరి దొంగ ముందుగాలనే తీగ కోస్తే? గంట మోగనే మోగదు. అందుకే తర్వాత పద్ధతి తిరగేసిండ్రు. అంతా మూసున్నప్పుడు కరెంటు పారుతనే ఉండాలె. తలుపు తెరిచినా, తీగ తెగినా పారుడు ఆగాలె. మీరు ఎన్‌సీ కాంటాక్టు, అంటే నార్మల్లీ క్లోజ్డ్ అంటరు సూడు, అది గిదే. ఒక జోన్ల, అంటే డబ్బాకు వచ్చే ఒక్కో లైన్ల, ఎన్‌సీ సెన్సర్లు ఎన్నున్నా ఒకదాని ఎన్క ఒకటి వరుసగ కలపాలె.

జోన్ల కాడ సేట్లు పైసలు మిగుల్చుకుందురు. ముందటి షట్టరు, ఎన్క తలుపు, హాలుల మనిషి కదలికను పట్టే పీఐఆరు, తిజోరీ గోడకు వైబ్రేషను సెన్సరు, అన్నీ ఒక్క జోన్లనే పెట్టుమందురు. నేను ఒప్పుకునేటోన్ని కాదు. షట్టరు తీసి లోపటికొచ్చి కోడు కొట్టనీకి కొంచెం టైం కావాలె, అందుకే దాని జోనుకు డిలే పెట్టాలె. తిజోరీకి అసలు డిలే ఉండొద్దు. కౌంటరు కింద ప్యానిక్ స్విచ్చి ఇరవై నాలుగు గంటల జోన్ల ఉండాలె, దుకాణం తెరిచున్నప్పుడు కూడా పని చెయ్యాలె. గివన్నీ ఒక్క లైన్ల గుచ్చితే ఎట్ల? పీఐఆరు అద్దం మీద బల్లి పాకితే అర్ధరాత్రి సైరను మోగుతది, ఏది మోగించిందో ఎవ్వనికీ తెల్వది. గట్ల నాలుగు సార్లయితే సేటు అలారం పెట్టుడే బంద్ చేస్తడు. అంతకన్న పెద్ద నష్టం ఇంకోటి లేదు.

ఇగ అసలు ముచ్చట. వైరు తెగితే డబ్బాకు తెలుస్తది సరే, రెండు తీగలు ఒకదానికొకటి అంటుకుంటే? కరెంటు మధ్యల్నుంచే తిరిగొస్తది. అవతల తలుపు తెరిచినా డబ్బాకు మూసినట్టే ఉంటది. దానికోసమే లైను చివర రెసిస్టరు పెడ్తరు. కంపెనీని బట్టి దాని విలువ మారుతది. 5.6 కిలో ఓములనుకో. గంతే కనిపిస్తే అంతా మంచిగున్నట్టు. సున్న అయితే షార్టు. లెక్క లేనంత అయితే తలుపన్న తెరిచిండ్రు, తీగన్న తెగింది. తెరిచిండ్రా తెగిందా వేరువేరుగ తెల్వాలంటే కాంటాక్టుకు అడ్డంగ గంతే విలువున్న ఇంకో రెసిస్టరు పెట్టాలె. గప్పుడు తెరిస్తే 11.2 చూపిస్తది, తెగితేనే లెక్క దాటుతది.

ఒక పెద్ద దుకాణంల వేరేవాళ్లెవరో అలారం పెట్టి పోయిండ్రు. సీలింగు మీద ఎలుకలు కేబులు కొరికినయ్, తీగలు అంటుకున్నయ్. ఒక రాత్రి ఎన్క తలుపు తెరిచి వెండి సామాను ఎత్తుకపోయిండ్రు. సైరను మోగలే. నన్ను పిలిస్తే పోయి డబ్బా విప్పిన. రెసిస్టర్లన్నీ డబ్బాలనే, స్క్రూల కిందనే వరుసగ బిగిచ్చున్నయ్! ఎలుక షార్టు చేసినా డబ్బాకు 5.6 కనిపిస్తనే ఉంది. ఊరి కాపలాదారు ఆఖరి గల్లీ దాకా పోకుండ పటేలు గడప కాడనే నిలవడి 'అంతా బాగుంది' అని కేకేసినట్టు. నిచ్చెన ఎక్కే పని తప్పుతదని చేసిన పని అది. నాకు ఇప్పటికీ కోపమొస్తది.

పొగ డిటెక్టర్లకు లెక్క వేరు. వాటి కాంటాక్టు మామూలుగ తెరిచి ఉంటది, అందుకే పక్కపక్కన కలపాలె. కానీ రెసిస్టరు అండ్ల కూడా ఆఖరి దాని కాడనే. వైరును ఒకదాన్లకెల్లి ఇంకోదాన్లకు తీస్కపోవాలె, మధ్యల కొమ్మ తియ్యొద్దు. ఆ కొమ్మ తెగితే ఎవ్వనికీ తెల్వది.

రేపు ఏ పాత డబ్బా విప్పినా ముందుగాల జోను వైరు ఊడదీసి మీటరు పెట్టు. తలుపులన్నీ మూసున్నప్పుడు ఆ కంపెనీ రెసిస్టరు విలువకు దగ్గరదగ్గర చూపియ్యాలె. సున్న దగ్గర చూపిస్తే రెసిస్టరు చివర లేనట్టే, లేకుంటే తీగలు అంటుకున్నట్టు. ఓనరుకు చెప్పు, నిచ్చెన ఎక్కు, రెసిస్టరును ఆఖరి సెన్సరు కాడికి తీస్కపో. పనైనంక ఒక్కో తలుపు నీ చేత్తోని తెరిచి, సైరను మోగినంకనే బయటికి రా.