ట్రంకుపెట్టెలో సి సర్టిఫికెట్టు

మా పిన్ని ట్రంకుపెట్టె తెరిచిందంటే మాకందరికీ పండగే. ఏటా సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు ఒక్కసారే తెరుస్తుందది. కలరా ఉండల వాసన, దానికింద పట్టుచీరలు, వాటికింద పాత ఉత్తరాలు. మొన్నటి సంక్రాంతికి ఆ ఉత్తరాల కింద చెయ్యిపెట్టి ఓ కాగితం పైకి లాగింది పిన్ని మనవరాలు. అది డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఎన్.సి.సి.లో ఉంది.

"అమ్మమ్మా! నీకు సి సర్టిఫికెట్టు ఉందా?" అంటూ అరిచినంత పని చేసింది.

"ఉంటే ఏం? అంచులు చిరుగుతాయి, మెల్లిగా పట్టుకో" అంది పిన్ని, చీరలు దులుపుతూనే.

"పెద్దమ్మా, చూశావా? సి సర్టిఫికెట్టుంటే ఆర్మీ ఆఫీసరు కావడానికి రాతపరీక్ష కూడా అక్కర్లేదు, తిన్నగా ఇంటర్వ్యూకే పిలుస్తారు! మరి నువ్వెందుకు వెళ్ళలేదు అమ్మమ్మా?"

పిన్ని చీర మడత ఆపింది. "ఎక్కడికి వెళ్ళనే?" అంది.

ఆ మాటలో కోపం గాని, బాధ గాని లేవు. నిజంగానే అడిగింది, ఎక్కడికి వెళ్ళాలని. 1974లో బి.ఏ. పూర్తిచేసిన ఆడపిల్ల ఆ కాగితం పట్టుకుని ఏ తలుపు తట్టాలి? ఆ ప్రశ్న నా బుర్రలో దూరి పదిరోజులు వదలలేదు. నవల రాయాల్సిన వేళల్లో పాత చరిత్ర పుస్తకాలు తిరగేశాను. (సీరియల్ ఆలస్యమైనందుకు ఎడిటరుగారు మన్నించాలి.)

అసలు కాలేజీ కుర్రాళ్ళకు కవాతు నేర్పాలన్న ఆలోచన మన దేశంలో ఇంగ్లీషువాళ్ళది. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు చాలక, 1917లో ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం తెచ్చి యూనివర్సిటీ కోర్ పెట్టారు. 1920లో అది యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అయింది, 1942లో పేరులో 'ఆఫీసర్స్' అన్న మాట కూడా చేరింది. పేరు పెరిగింది సరే, ఆ పిల్లలు ఆఫీసర్లయ్యే దారేది? 1918 నుంచి ఇంగ్లండులోని శాండ్‌హర్‌స్ట్ మిలిటరీ కాలేజీలో భారతీయులకు ఏడాదికి పది సీట్లిచ్చారు. ఇంత దేశానికి పది! అవైనా సముద్రం దాటి వెళ్ళి చదవాలి.

పోనీ అక్కడ నెగ్గి వచ్చినవాళ్ళనైనా నమ్మారా అంటే అదీ లేదు. తెల్లదొర నల్లవాడి ఆజ్ఞకు లోబడి పనిచెయ్యడమేమిటన్నది వాళ్ళ బెంగ. అందుకని 1923లో ఎనిమిది పటాలాలు ఏరి, భారతీయ ఆఫీసర్లందరినీ వాటిలోకే తోశారు. అలా చేస్తే ఏ ఇంగ్లీషు ఆఫీసరూ మనవాడికి సెల్యూట్ కొట్టాల్సిన గతి పట్టదన్నమాట. పెళ్ళింట్లో కొందరికి విడిగా పంక్తి వేసినట్టు లేదూ? ఎన్నో కమిటీలు, ఎన్నో అసెంబ్లీ చర్చల తర్వాత 1932లో డెహ్రాడూన్‌లో మిలిటరీ అకాడమీ తెరిచారు. మొదటి బ్యాచిలో నలభైమంది. తరువాతి కాలంలో ఫీల్డ్ మార్షల్ అయిన మానెక్‌షా వాళ్ళలో ఒకరు.

ఇక్కడ మన తెలుగువాళ్ళ మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. పద్ధెనిమిదో శతాబ్దంలో కంపెనీవాళ్ళకు తొలి సిపాయిల్లో చాలామంది మన ప్రాంతంవాళ్ళే. ఎంతమంది అంటే ఉత్తరాదిన సిపాయికి 'తిలంగా' అన్నదే పేరైపోయింది. 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలను కూడా తిలంగాలనే అన్నారు, వాళ్ళు అవధ్‌వాళ్ళయినా సరే. ఆ తర్వాత ఇంగ్లీషు జనరళ్ళకు యుద్ధజాతులు, యుద్ధం చేతకాని జాతులు అంటూ ఒక సిద్ధాంతం పట్టుకుంది. పంజాబీలు, గూర్ఖాలు మొదటి లెక్కలోకి వెళ్ళారు, మనం రెండో లెక్కలో పడ్డాం. తెలుగువాళ్ళను చేర్చుకోవడం రానురాను తగ్గించేశారు. నూరేళ్ళు వాడుకుని, ఆపైన నీకు చేతకాదని సర్టిఫికెట్టివ్వడం! ఈ సంగతి చెబితే పిన్ని "మీ బాబాయి వాళ్ళమ్మగారు నా వంటకి ఇచ్చినట్టే" అంది.

స్వాతంత్ర్యం రాబోతూండగా 1946లో పండిట్ హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన కమిటీ వేశారు, దేశమంతటికీ ఒక విద్యార్థి దళం ఎలా ఉండాలో చెప్పమని. ఆ కమిటీ రిపోర్టు మీదే 1948 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది, ఎన్.సి.సి. పుట్టింది. అప్పుడు రాసుకున్న ఆశయాల్లో శీలం, నాయకత్వం, దేశరక్షణ పట్ల ఆసక్తి లాంటి మంచిమాటలతోపాటు స్పష్టమైన మాట ఒకటుంది. ఆపద వచ్చినప్పుడు సైన్యాన్ని గబగబా పెంచుకోవడానికి, ఆఫీసర్లు కాగల యువకులను ముందుగానే నిలవ చేసి పెట్టుకోవాలని. ఆవకాయ జాడీలా అనుకోండి.

ఆ జాడీ మూత తీయాల్సిన రోజు 1962లో వచ్చింది. చైనా యుద్ధంలో దెబ్బతిన్నాక సైన్యానికి ఆఫీసర్లు కావలసివచ్చారు, అదీ వెంటనే. ఎమర్జెన్సీ కమిషన్ అని పెట్టి కాలేజీల నుంచి, ఉద్యోగాల నుంచి కుర్రాళ్ళను తీసుకున్నారు. వాళ్ళకోసం 1963లో మద్రాసులోను, పూనాలోను ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూళ్ళు తెరిచారు. మద్రాసుది పరంగిమలైలో. నిన్నటిదాకా షేక్స్‌పియర్ బట్టీపట్టిన పిల్లవాడు కొన్ని నెలల్లో భుజంమీద నక్షత్రాలతో సరిహద్దుకు వెళ్ళేవాడు. 1965 యుద్ధంలో జవాన్లను ముందుండి నడిపించినవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎందరో ఉన్నారు. తిరిగిరానివాళ్ళూ ఉన్నారు.

అదే 1963లో కాలేజీ మగపిల్లలందరికీ ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. మా నాన్న సరిగ్గా ఆ ఏడే కాలేజీలో చేరారు. ఆయన చెప్పే కథలు వింటే యుద్ధం గుర్తురాదు, పూరీలు గుర్తొస్తాయి. తెల్లవారుజామున లేచి, గంజిపెట్టిన ఖాకీ నిక్కరు తొడుక్కుని, బ్రాసోతో బెల్టు బిళ్ళ తోముకుని పరిగెత్తేవారట. పరేడ్ అయ్యాక ఇచ్చే రెండు పూరీల కోసం బిల్లలు బిల్లలుగా చెమట కార్చేవారట. తుపాకులు అందరికీ చాలక సగంమంది చేతుల్లో కొయ్యవి. ఒంట్లో బాగున్నవాళ్ళంతా చేరాలన్నారు కాబట్టి ఉన్నట్టుండి సగం కాలేజీకి ఆయాసం, మిగతా సగానికి చదునుపాదాలు పట్టుకున్నాయట. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరుగారు ఆ ఏడు డాబా వేసుకున్నారని నాన్న ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. బలవంతపు బ్రాహ్మణార్థంలా నడిచిన ఆ ఏర్పాటును 1968లో ఎత్తేశారు. ఇష్టమైనవాళ్ళే చేరవచ్చన్నారు.

మా నాన్న మూడేళ్ళూ తప్పించుకోవాలనే చూశారు. ఆయనకు తలుపు బార్లా తెరిచే ఉంది. పిన్ని తప్పించుకోవాలనుకోలేదు. పెట్టిన ప్రతి క్యాంపుకీ వెళ్ళింది. మా తాతయ్య ఒప్పుకున్నది దేశభక్తితో కాదు, వెంట లేడీ లెక్చరరు ఉంటుందన్న భరోసాతో. సావధాన్, విశ్రామ్, దాయే ముడ్ - పిన్నికి హిందీ వచ్చింది ఆ గ్రౌండులోనే. పాయింట్ టూ టూ రైఫిలు భుజాన ఆనించి నేలమీద బోర్లా పడుకుని గురిచూస్తే, పక్కనున్నది ఏమీ వినిపించేది కాదంటుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ ఎడమకన్ను కాస్త మూస్తుంది.

ఎన్.సి.సి. చట్టంలోనే ఆడపిల్లల విభాగం ఉంది. 1949లో మొదలైంది. కవాతు వాళ్ళకీ నేర్పారు, గురి వాళ్ళకీ నేర్పారు, సర్టిఫికెట్లూ ఇచ్చారు. మరుసటి ఏడు, 1950లో, సైనిక చట్టం వచ్చింది. దాని పన్నెండో సెక్షను ఏమంటుందంటే, ప్రభుత్వం ప్రత్యేకంగా చెప్పిన శాఖల్లో తప్ప స్త్రీలు సైన్యంలో చేరడానికి అర్హులు కారు. డాక్టర్లు, నర్సులు తప్ప తక్కినవాళ్ళకు ఆ ప్రత్యేకమైన మాట నలభైరెండేళ్ళ దాకా ఎవరూ చెప్పలేదు. అంతకు ఏడేళ్ళ ముందే, 1943లో, సింగపూర్‌లో నేతాజీ రాణీ ఝాన్సీ రెజిమెంటు పెట్టి, డాక్టర్ లక్ష్మిని దానికి నాయకురాలిని చేసి, ఆడపిల్లలకు తుపాకులిచ్చిన దేశమండీ ఇది!

అంటే 1917లో మగపిల్లలకు ఏం జరిగిందో, 1949లో ఆడపిల్లలకూ అదే జరిగిందన్నమాట. నడక నేర్పారు గాని వాకిలి తీయలేదు. ఈసారి వాకిలి దగ్గర నిలబడ్డది తెల్లదొర కాదు, అంతే తేడా.

1992 జనవరిలో ప్రభుత్వం కొన్ని శాఖల్లో స్త్రీలను ఆఫీసర్లుగా తీసుకోవచ్చని నోటిఫికేషను ఇచ్చింది. దానికి ముందు సిమ్లాలో లా చదివిన ప్రియా ఝింగన్ అనే అమ్మాయి, ఆడపిల్లల్ని ఎందుకు తీసుకోరని సైన్యాధిపతి జనరల్ రోడ్రిగ్స్‌గారికే తిన్నగా ఉత్తరం రాసింది. ఆయన జవాబిచ్చారు కూడా. ఆ సెప్టెంబరులో ఆమె మొదటి నంబరు లేడీ క్యాడెట్‌గా మద్రాసులో అడుగుపెట్టింది. 1963లో తెరిచిన ఆ స్కూలే, 1988 నుంచి అకాడమీ. 1993 మార్చిలో పాతికమంది ఆడపిల్లలు కమిషన్ పుచ్చుకుని బయటికి వచ్చారు. ముందు ఇచ్చింది అయిదేళ్ళ కొలువే, ఆపైన దయతో పొడిగింపులు. 2010లో అదే అకాడమీలో దివ్యా అజిత్ కుమార్ మగవాళ్ళందరినీ దాటి స్వోర్డ్ ఆఫ్ ఆనర్, అంటే బ్యాచికల్లా మేటి క్యాడెట్‌కిచ్చే ఖడ్గం, గెలుచుకుంది.

పూర్తికాలం కొలువు కోసం కోర్టుకెక్కవలసి వచ్చింది. సుప్రీంకోర్టులో ప్రభుత్వం తరఫున వచ్చిన వాదనల్లో ఒకటి చదివి నేను పుస్తకం మూసేశాను. జవాన్లలో ఎక్కువమంది పల్లెటూళ్ళవాళ్ళు, ఆడ ఆఫీసరు ఆజ్ఞాపిస్తే స్వీకరించే మానసిక స్థితి వాళ్ళకింకా రాలేదట. 1923 నాటి బెంగే, పేర్లు మారాయి. 2020 ఫిబ్రవరిలో కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. 2021లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్షా రాయనిచ్చారు. 2025 మేలో ఆ అకాడమీ నుంచి తొలిసారిగా పదిహేడుమంది ఆడపిల్లలు బయటికొచ్చారు.

నా సంగతీ చెప్పాలి కదా. నేను బి.ఏ. పూర్తిచేసిన వేసవిలోనే కార్గిల్ యుద్ధం వచ్చింది. టీవీ ముందు కూర్చుని కుళ్ళికుళ్ళి ఏడ్చాను. అప్పటికి ఏడేళ్ళుగా ఆ తలుపు తెరిచే ఉంది. మా క్లాసులో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఎన్.సి.సి.లో ఎందుకు చేరలేదంటే, ఎండకు నల్లబడితే సంబంధాలు రావని భయం. ఆ భయం అమ్మదో నాదో ఇప్పుడు చెప్పలేను.

ఇంతకీ మనవరాలి ఇంటర్వ్యూ సంగతి. ఎస్.ఎస్.బి. అంటారు దాన్ని, అయిదురోజులు సాగుతుంది. ఛాతీకి నంబరు కడతారు, పేరుండదు. గుంపుగా అడ్డంకులు దాటిస్తారు, అరవై మాటలు ఒక్కొక్కటే చూపించి పావునిమిషంలో ఒక్కో వాక్యం రాయమంటారు. ఒక బొమ్మను అరనిమిషం చూపించి, నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. అలాంటివి పన్నెండు, చివరిది ఉత్త తెల్ల కార్డు! నాలుగు నిమిషాల్లో కథా? నాకు నాయికకి పేరు పెట్టడానికే నాలుగు రోజులు పడుతుంది. నేనైతే మొదటి బొమ్మ దగ్గరే ఇంటికొచ్చేదాన్ని.

"సీట్లు ఎన్నే?" అని అడిగాను. ఎన్.సి.సి. తరఫున ఆడపిల్లలకిచ్చేవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చని చెప్పింది, చెప్పి ఊరుకుంది. వాళ్ళమ్మ వంటింట్లోంచి "ముందు డిగ్రీ కానీ" అని కేకేసింది. ఆ కేకలో ఏముందో నాకు తెలుసు. సరిహద్దంటే సినిమా కాదు. అమ్మ భయం కొట్టిపారేసేది కాదు, అది పిల్లకీ తెలుసు.

పిన్ని ఆ కాగితం తిరిగి ఉత్తరాల కింద పెట్టబోయి, పెట్టలేదు. మనవరాలి పక్కన మంచంమీద కూర్చుంది.

"ఫైరింగు చేయించారా నీకు?"

"ఆఁ, క్యాంపులో. అయిదు రౌండ్లు."

"గ్రూపింగు ఎంత వచ్చింది? గుళ్ళన్నీ ఎంత దగ్గర పడ్డాయి?"

పిల్ల గర్వంగా బొటనవేలూ చూపుడువేలూ ఇంత ఎడంగా పెట్టి చూపించింది.

పిన్ని కళ్ళజోడు సర్దుకుని ఆ ఎడం చూసింది. తర్వాత తన వేళ్ళు రెండూ పైకెత్తి, ఇంకాస్త దగ్గరగా పెట్టి చూపించింది.