మాటలకు కూడా కోటా!

గూగుల్‌లో ప్రకటనలిచ్చే అకౌంట్‌కి ఒక కోటా ఉంటుంది. కీవర్డ్‌లూ మిగతా టార్గెట్‌లూ కలిపి ఒక్కో యాడ్ గ్రూపులో 20,000, అకౌంట్ మొత్తానికి 50 లక్షలు. అన్ని మాటలు ఎవరికండీ అంటారా? ఉన్నారు మరి.

1998లో బిల్ గ్రాస్ గోటూ డాట్ కామ్‌లో మాటల్ని వేలానికి పెట్టాడు, క్లిక్కు పడితేనే డబ్బు. (అదే ఓవర్చర్‌గా పేరు మార్చుకుని 2003లో యాహూ చేతికి పోయింది.) గూగుల్ యాడ్‌వర్డ్స్ 2000లోనే వచ్చినా, క్లిక్కుకి వేలం పద్ధతి పట్టుకున్నది 2002లో.

క్లిక్కు పడకపోతే పైసా ఖర్చు లేదంటే జనం ఊరుకుంటారా? నిఘంటువులు తెచ్చి కుమ్మరించారు. ఈబే అయితే మరీను, ఏం వెతికినా ‘ఈబేలో కొనండి’ అని ప్రత్యక్షం! ఇచ్చేవాడికి ఉచితమే గానీ, ఎవరేం వెతికినా ఆ మాటలన్నిటితో సరిచూడాల్సింది సర్వర్లే కదా.

నన్నడిగితే అసలు కళ్ళెం కోటా కాదు, రేటు. 2005లో నాణ్యతని బట్టి ఒక్కో కీవర్డుకి కనీస రేటు పెట్టారు. పనికిరాని మాటలు ఖరీదైపోయాయి. 2014 నుంచి ఎగ్జాక్ట్ మ్యాచ్‌లో కూడా బహువచనాలు, అచ్చుతప్పులు తప్పనిసరిగా కలిపేశారు. జాబితా చిన్నదైంది, నిజమే. కానీ ఏ మాటకి డబ్బు పెడుతున్నామో ఆ పట్టు మన చేతిలోంచి కొంత జారింది. నాకైతే ఇది నచ్చలేదు.

అన్నట్టు, 2012లో ఈబే తన సొంత పేరు మీద ఇచ్చే ప్రకటనల్ని యాహూ, ఎమ్మెసెన్‌లలో ఆపి చూసింది. పోయాయనుకున్న క్లిక్కుల్లో 99.5 శాతం కిందున్న మామూలు లింకుల మీదుగా వచ్చేశాయి.