భూగర్భ రహస్యం – భూకంపాలు చెప్పిన సాక్ష్యం

మనం నిలిచిన నేల నుండి భూకేంద్రానికి గల దూరం దాదాపు 6,371 కిలోమీటర్లు. ఆకాశమార్గాన ఇంత దూరాన్ని విమానం కొద్ది గంటలలో దాటగలదు. అడుగువైపు ప్రయాణం మాత్రం అంత సులభం కాదు. కోలా ద్వీపకల్పంలో సోవియట్ శాస్త్రజ్ఞులు 1970లో తవ్వనారంభించిన బోరు 1989 నాటికి 12,262 మీటర్లకు చేరింది. అక్కడి ఉష్ణోగ్రత సుమారు 180 డిగ్రీలు. ఆపైన తవ్వడం సాధ్యపడలేదు. భూవ్యాసార్థంలో అది అయిదువందవ వంతు కూడా కాదు. అయినప్పటికీ భూగర్భంలోని పొరలను గురించి మన పాఠ్యగ్రంథాలు నిశ్చయంగా చెప్పగలుగుతున్నాయి. ఆ జ్ఞానం ఎట్లా లభించిందో తెలుసుకోవడం ఆసక్తికరమే కాదు, విద్యార్థిలోకానికి మార్గదర్శకం కూడాను.

మొదటి ఆధారం తూకం. 1798లో హెన్రీ కావెండిష్ సీసపు గోళాల మధ్య గల అతి స్వల్పమైన ఆకర్షణను కొలిచి, భూమి సగటు సాంద్రత నీటికి దాదాపు అయిదున్నర రెట్లని తేల్చాడు. ఉపరితలాన మనకు కనిపించే శిలల సాంద్రత సాధారణంగా మూడు రెట్లకు లోపే. కనుక లోపల ఏదో బరువైన పదార్థం ఉండితీరాలని స్పష్టమైంది. అయితే అది ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నదో తూకం చెప్పలేదు.

ఆ సంగతి చెప్పినవి భూకంపాలు. కొత్త కుండను కొనే గృహిణి వేలితో కొట్టి, శబ్దాన్నిబట్టి లోపలి పగులును గ్రహిస్తుంది. శాస్త్రజ్ఞులు చేసినదీ అటువంటి పనే.

1897 జూన్ 12న అస్సాంలో సంభవించిన మహాభూకంపం షిల్లాంగులోని రాతి కట్టడాలను నేలమట్టం చేసింది. వందలాది ప్రాణాలను బలిగొన్నది. దానిని పరిశోధించినవాడు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. సుదూర దేశాల యంత్రాలలో నమోదైన కంపనరేఖలలో ముందు ప్రాథమిక తరంగాలు, పిమ్మట ద్వితీయ తరంగాలు, చివరకు ఉపరితల తరంగాలు చేరినట్లు ఆయన గుర్తించాడు. లోతుగా పయనించిన తరంగాలు అనుకున్న వేళకు చేరకపోవడాన్ని పరిశీలించి, భూమికి వేరొక పదార్థంతో కూడిన కేంద్రమండలం ఉన్నదని 1906లో ప్రకటించాడు. మన దేశపు విషాదం ప్రపంచ విజ్ఞానానికి ఆ విధంగా వెలుగు చూపింది.

1909లో జాగ్రెబ్ సమీపాన వచ్చిన భూకంపం ఆధారంగా ఆండ్రియా మొహొరోవిచిచ్ భూపటలానికి అడుగుహద్దును కనుగొన్నాడు. తరువాత కొద్ది సంవత్సరాలకే బెనో గుటెన్‌బర్గ్ కేంద్రమండలం దాదాపు 2,900 కిలోమీటర్ల లోతున మొదలవుతుందని లెక్కించాడు. ద్వితీయ తరంగాలు ద్రవం గుండా పోలేవు. కేంద్రమండలాన్ని దాటి అవి రావడంలేదు. ఇటువంటి ఆధారాలతో అది ద్రవరూపమని 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ నిరూపించాడు.

ఇంతటితో కథ ముగిసిందని పెక్కుమంది భావించారు. కాని 1929లో న్యూజీలాండులో వచ్చిన భూకంపపు రేఖలలో, తరంగాలు చేరరాని చోట చిన్న చిన్న గీతలు కనిపించాయి. వాటిని ఇతరులు వేరే విధంగా సమర్థించి ఊరుకోగా, డెన్మార్కు శాస్త్రవేత్త ఇంగె లెమాన్ ఊరుకోలేదు. ద్రవమండలంలోపల మరొక మండలం ఉంటే తప్ప ఆ గీతలకు అర్థం లేదని ఆమె 1936లో వివరించింది. ఆ అంతర మండలం ఘనరూపమని, వ్యాసార్థం సుమారు 1,220 కిలోమీటర్లని నేడు తెలిసింది.

ఆమె చదివిన పాఠశాలను హానా ఆడ్లర్ అనే విదుషీమణి నడిపేది. అక్కడ బాలబాలికలకు పాఠాలలోగాని, ఆటలలోగాని, కుట్టుపనిలోగాని భేదం లేదు. బయటి ప్రపంచం అట్లా లేదని తరువాత తెలిసి లెమాన్ నిరాశ చెందింది. అయినా వెనుదీయక, 104 సంవత్సరాల నిండు జీవితం గడిపి 1993లో కన్నుమూసింది.

మన కర్ణాటకలోనే, గౌరిబిదనూరు వద్ద 1965లో ఏర్పడిన భూకంప పరిశీలన కేంద్రం ఈ విద్యకు చేరువైన నిదర్శనం. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో వెలసింది.

లెక్కకు కుదరని చిన్న గీతను చెరిపివేయక, దాని అర్థాన్ని వెదకినవారే భూగర్భాన్ని తెలుసుకున్నారు. తరగతిలో పాఠానికి కుదరని ప్రశ్న వేసే బాలుడో బాలికో ఎదురైనప్పుడు, వారిని వారించక ఆలకించడం తల్లిదండ్రులుగా, ఉపాధ్యాయులుగా మన విధి. వజ్రోత్సవాలైనా, ప్లాటినం ఉత్సవాలైనా, పాఠశాలకు అంతకన్న శోభ వేరొకటి లేదు.