నల్లమందు, నిదుర లేని కాళ్ళు

ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు అని మన పెద్దలు చెప్పుదురు. అలసినవానికి కటికనేలపై నైనను కన్ను మూతపడును. కాని మెత్తని పరుపుపై పండుకొన్నను నిద్ర రాని రోగులు కొందరు కలరు. పండుకొనినంతనే వారి పిక్కలలో చెప్పనలవి కాని బాధ మొదలగును. పురుగులు ప్రాకినట్లును, లోపలినుండి ఎవరో లాగినట్లును ఉండును. లేచి నాలుగడుగులు వేసినచో శమించును. పండుకొన్నచో మరల మొదలగును. తెల్లవారువరకు ఇంటిలో తిరుగాడుటయే వారి రాత్రి. 'కాళ్ళు పీకుచున్నవి' అని వారు చెప్పుకొన్నచో, వయసు వలన వచ్చిన నీరసమని తక్కినవారు ఊరకుందురు. వైద్యులు దీనిని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అందురు.

ఈ వ్యాధిని 17వ శతాబ్దమున ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ వర్ణించెను. లాటినులో 1672లో వెలువడిన ఆయన వర్ణన 1685లో ఆంగ్లములోనికి వచ్చెను. ఆయన ఇచ్చిన మందు లాడనం, అనగా మద్యములో కలిపిన నల్లమందు. తరువాత చాలకాలము ఈ వ్యాధి మరుగున పడెను. 1945లో స్వీడను దేశపు నరముల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్బోమ్ దీనిపై ఒక గ్రంథమును ప్రకటించి, నేటి పేరును స్థిరపరచెను. శరీరములో ఇనుము తగ్గుటకును ఈ బాధకును సంబంధ మున్నదని కూడ క్రమముగా తేలినది.

విల్లిస్ వాడిన ఆ మందు మన గోదావరి సీమకు క్రొత్తది కాదు. మన వంటింటి గసగసాలు ఏ మొక్క గింజలో, ఆ మొక్క పచ్చికాయకు గాటు పెట్టగా కారు పాలు ఎండి నల్లమందగును. కంపెనీవారు 1857లోను, తరువాత ప్రభుత్వమువారు 1878లోను చేసిన చట్టముల ప్రకారము దాని సాగు, అమ్మకము సర్కారు చేతిలో నుండెను. లైసెన్సు పొందిన దుకాణములలో అది బహిరంగముగా దొరకెడిది. మద్రాసు రాజధానిలో దాని వాడకము హెచ్చుగా నుండిన జిల్లాలలో గోదావరి ఒకటి. మన్యపు జ్వరమునకు అది అడ్డుకట్ట యని ప్రజలు నమ్మిరి. దానిని నిషేధింపవలెనా యని విచారించుటకు 1893లో నియమింపబడిన రాయల్ కమిషను, 1895లో నిషేధము వలదని నివేదించెను. సర్కారునకు దానివలన వచ్చు రాబడియు తక్కువది కాదు.

స్వాతంత్ర్యానంతరము గాలి మారినది. వైద్యమునకు తప్ప నల్లమందు సేవనమును పదియేండ్లలో మాన్పింపవలెనని 1949లో నిర్ణయించిరి. 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చినది. దాని శిక్షలు కఠినములు. ఒక్కొక్క రాష్ట్రమున పలు లైసెన్సులు అవసరమయ్యెను. ఫలితముగా ఆసుపత్రులు, మందుల దుకాణములు మార్ఫీనును ఉంచుటకే జంకినవి. పన్నెండేండ్లలో దేశమున దాని వైద్యవినియోగము నూటికి తొంబది పాళ్ళకు పైగా పడిపోయెను. నల్లమందును పండించి లోకమునకు అమ్ము దేశములోనే క్యాన్సరు రోగి నొప్పితో కేకలు వేయవలసి వచ్చెను!

ఈ స్థితిని మార్చినది రోగుల పక్షమున నోరు విప్పినవారే. 1998లో ఢిల్లీ హైకోర్టు మార్ఫీను సరఫరాను సుగమము చేయవలసినదని ఆదేశించెను. 2007లో భారత పాలియేటివ్ కేర్ సంఘము సుప్రీంకోర్టు తలుపు తట్టినది. మన తెలుగుగడ్డపై హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి నొప్పి నివారణకు ప్రత్యేక విభాగమును నెలకొల్పెను. 2014లో పార్లమెంటు చట్టమును సవరించెను. ఆ పిమ్మట మార్ఫీను, ఫెంటనిల్, మెథడోను, ఆక్సీకోడోను, కోడీను, హైడ్రోకోడోను అను ఆరింటిని 'అత్యవసర మాదక ఔషధము'లుగా ప్రకటించి, దేశమంతటికి ఒకే విధమైన నియమములు ఏర్పరచిరి.

నిదుర లేని కాళ్ళ కథ ఇచ్చట మరల కలియును. 1982లో లెవోడోపా ఈ వ్యాధికి పనిచేయునని టర్కీనుండి వార్త వచ్చెను. తరువాత ఆ జాతి మందులే రాజ్యమేలినవి. కాని కొన్నియేండ్లు వాడిన పిమ్మట పలువురిలో బాధ తగ్గుటకు మారుగా పెరిగి, సాయంకాలమునకు ముందే మొదలై, చేతులకు సైతము ప్రాకుట కనబడెను. అట్టివారికి వైద్యులు మరల నల్లమందు వంశపు ఔషధములను కొద్ది మోతాదులో నీయసాగిరి. 2013లో యూరపున జరిగిన ఒక పరీక్షలో, నలోక్సోనుతో కలిపిన ఆక్సీకోడోను తీవ్రరోగులకు ఉపశమన మిచ్చినదని తేలెను.

అదే కాలమున అమెరికాలో ఈ మాత్రల దుర్వినియోగము వేలమంది ప్రాణములను గొనెను. 2016లో అచటి ప్రభుత్వసంస్థ వైద్యులకు కఠినమైన సూచనలు చేయగా, ఎన్నడును మోతాదు మీరని రోగులకు కూడ మందు నిలిచిపోయెను. 1990ల ప్రారంభమున రోగులే స్థాపించుకొన్న సంఘము వారి పక్షమున వాదించెను. 2022లో ఆ సూచనలను సడలించిరి.

నల్లమందు స్వేచ్ఛగా అమ్ముడుపోయిన కాలమున వ్యసనపరుడు నష్టపోయెను. తలుపులన్నియు మూసిన కాలమున రోగి నష్టపోయెను. ఈ రెంటి నడుమ త్రోవ ఇరుకైనది. ఈ మందు మలబద్ధకమును కలిగించును, ఊపిరిని మందగింపజేయును, అలవాటు పడును. కనుక అది వైద్యుని చేతిలో, తక్కిన మార్గములు చాలనప్పుడు మాత్రమే వాడదగినది. మొదట చేయవలసినది రక్తములో ఇనుము నిల్వను పరీక్షించుట. గర్భిణులకును, మూత్రపిండముల జబ్బుతో డయాలసిస్ చేయించుకొనువారికిని ఈ బాధ ఎక్కువ.

అమలాపురమున గాని, రాజోలు, కొత్తపేట పల్లెలలో గాని, మీ యింట ఎవరైనను రాత్రులు నడవలో తచ్చాడుచున్నచో విసుగుకొనకుడు. ఏ వేళ మొదలగును, ఎట్లుండును, నడచినచో తగ్గునా అని అడిగి, ఆ మాటలను వైద్యునికి యథాతథముగా వినిపింపుడు. విల్లిస్ నాటినుండి నేటివరకు ఈ వ్యాధిని వైద్యులు గుర్తించినది రోగి మాటను బట్టియే.