మా ప్రెస్సులో ఇద్దరు కోపిష్టులు

రండ్రా, ఇలా దగ్గరగా జరగండి. ఆ కొబ్బరిమట్ట ఒకటి మంటలో వెయ్యండి. ఇందాక మీలో ఎవరో అన్నారు, పైవాడు నోటికొచ్చినట్టు మాట్లాడితే ఆ పూటే రాజీనామా మొహాన కొట్టి వచ్చెయ్యాలని. నేను కాదనను. మాట పడి తిన్న కూడు ఒంటబట్టదు. అయితే కోపంలో పని మానేసినవాళ్లని ఇద్దర్ని నేను దగ్గర్నించి చూశాను. ఇద్దరిదీ ఒకటే ప్రెస్సు, ఒకడే యజమాని. కోపం కూడా ఇద్దరిదీ న్యాయమైందే. వాళ్ల కథలు మాత్రం చెరో దారి పట్టాయి.

అప్పట్లో బెజవాడంటే అచ్చు పుస్తకాల ఊరు. గవర్నరుపేట సందుల్లోకి వెళితే మిషన్ల చప్పుడే. వాచకాలు, గైడ్లు, నవలలు, శుభలేఖలు, సినిమా పాటల పుస్తకాలు, పంచాంగాలు, ఒకటేమిటి. మీసం రాకముందే నన్ను తీసుకెళ్లి అలాంటి ఓ ప్రెస్సులో పడేశాడు మా నాన్న. యజమాని పేరెందుకు లెండి, ఆయనా లేడు, ఆ ప్రెస్సూ లేదు.

ఇప్పుడు మీరు ఫోను మీద వేలు పెడితే అక్షరం పడుతుంది. అప్పుడు ఒక్కో అక్షరం ఒక్కో సీసపు ముక్క. ఇంగ్లీషుకి ఇరవయ్యారు అక్షరాలు, అవే పెద్దవీ చిన్నవీ. మన తెలుగుకి గుడులూ కొమ్ములూ ఏత్వాలూ, ఆ పైన ఒత్తులూ. వాటన్నిటికీ కేసుల నిండా గళ్లు. ఎడమ చేతిలో స్టిక్కు పట్టుకుని, కుడిచేత్తో ఒక్కో అక్షరం ఏరి పేర్చాలి. అదీ తిరగేసి చదువుకుంటూ. పేజీ అయ్యాక దారంతో బిగించి కట్టి, ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, రాతిబల్ల మీద ఇనప చట్రంలో బిగిస్తే ఫారం అయ్యేది. అచ్చయిపోయాక ఆ ఫారాన్ని కిరసనాయిలుతో కడిగి, విప్పి, ఏ అక్షరాన్ని ఆ గడిలో మళ్లీ వెయ్యాలి. పేర్చడం సగం పనైతే సర్దడం మిగతా సగం. ఆ రెండో సగం ఎవరికీ గిట్టదు. నాలాంటి కుర్రాళ్ల నెత్తిన పడేది.

ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదటివాడు మిషన్ మన్, అంటే అచ్చు మిషను నడిపేవాడు. ఉక్కులాంటి మనిషి. నోరు కాస్త పెద్దది, మనసు వెన్న. ఎమర్జెన్సీ రోజులవి. అప్పటిదాకా కనీస బోనస్ 8.33 శాతం ఉండేది. అంటే ఏడాదికి ఒక నెల జీతం. దాన్ని 1975లో 4 శాతానికి దించేశారు. ఇందిరమ్మ ప్రభుత్వం ఇంకేం చేసినా మాకు అంతగా తెలియదుగానీ, దసరాకి చేతిలో పడే డబ్బు సగమయ్యేసరికి అందరికీ తెలిసింది. మా యజమానికి ఆ చట్టం అయాచితంగా దొరికింది. పనేమో రెట్టింపు చేయించుకున్నాడు, బోనస్ మాత్రం నాలుగు శాతమే లెక్కగట్టి చేతిలో పెట్టాడు. అందరం లోపల్లోపల గొణుక్కున్నాం. మిషన్ మన్ ఒక్కడే పైకి అడిగాడు. యజమాని, "చట్టాన్ని అడుగు పో, నన్నెందుకు అడుగుతావ్" అని నవ్వాడు.

ఆ నవ్వే కొంప ముంచింది. వీడు తిన్నగా రాతిబల్ల దగ్గరకెళ్లి, పక్కరోజు అచ్చు కావాల్సిన ఫారాన్ని రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు. పదహారు పేజీల అక్షరాలు గచ్చంతా చెల్లాచెదురు. "ఇదిగో నీ నాలుగు శాతం" అని చొక్కా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మాకు ఆ క్షణాన చప్పట్లు కొట్టాలనిపించింది, నిజం చెబుతున్నా.

ఆ సరదా దీపాలు పెట్టే వేళకే అయిపోయింది. ఆ కుప్పని ఏరాల్సింది ఎవరు? యజమాని ఏరతాడా? మేమే. ఒత్తులన్నీ ఒకేలా కనిపిస్తాయి, కొమ్ముకీ దీర్ఘానికీ తేడా లాంతరు వెలుగులో తెలియదు. రాత్రిళ్లు కూర్చుని కళ్లు పొడుచుకుంటూ ఏరాం. అందుకు యజమాని ఓవర్‌టైమ్ కూడా ఇవ్వలేదు. "మీవాడు చేసిన పనేగా, మీరే సర్దండి" అన్నాడు. విరిగిన అక్షరాల ఖరీదు అంటూ మిషన్ మన్‌కి రావాల్సిన జీతం పట్టేసుకున్నాడు. పైగా ఈ కబురు వాడికంటే ముందే సందులన్నీ తిరిగింది. ఏ ప్రెస్సుకెళ్లినా, "ఓహో, ఫారం పడేసింది నువ్వేనా" అనేవాళ్లు. బోనస్ గురించి ఎవరూ అడగలేదు. వాడి న్యాయం ఆ కుప్పలో కలిసిపోయింది. చివరికి హైదరాబాదు వెళ్లి ఎక్కడో రోజుకూలీకి చేరాడని విన్నాం. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక మళ్లీ 8.33 చేశారు. అది అందుకోవడానికి వాడు లేడు.

రెండోవాడు మా పెద్ద కంపోజిటర్. ఈయన్ని ప్రెస్సంతా మావయ్య అనేది. నాకు అక్షరం పట్టుకోవడం నేర్పింది ఆయనే. పంచాంగం కంపోజు చెయ్యాలంటే బెజవాడలో ఆయన తరవాతే ఎవరైనా. పంచాంగమంటే మాటలా? తిథి, వారం, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, అన్నీ గళ్లలో అంకెలు. ఒక అంకె అటుదిటైతే ఎవరింట్లోనో ముహూర్తం తప్పుతుంది.

1977 నవంబరు. మీ అమ్మానాన్నలకి కూడా చెప్పే ఉంటారు ఎవరో ఒకరు. 19వ తేదీ, శనివారం. బెజవాడలో గాలీ వానా. దివిసీమలో మాత్రం తుపానుకి సముద్రమే లేచి ఊళ్ల మీదికొచ్చింది. నాగాయలంక, కోడూరు వైపు పల్లెలకి పల్లెలే తుడుచుకుపోయాయి. వేలమంది పోయారు. పశువులకి లెక్కే లేదు. మావయ్య అక్కగారిది నాగాయలంక దగ్గర పల్లె. కబురు తెలిసిన పూట ఆయన స్టిక్కు కింద పెట్టి, నాతో "అయ్యగారికి చెప్పు, దివి వెళ్తున్నానని" అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఉయ్యూరు, చల్లపల్లి, మోపిదేవి దాటాక రోడ్డు లేదు. చెట్లు అడ్డం పడి, నీళ్లు నిలబడి, నడిచే వెళ్లాడట.

వారం పైన తిరిగొచ్చాడు. అక్క దొరకలేదు. బావా దొరకలేదు. తాటిచెట్టు పట్టుకుని బతికిన మేనల్లుణ్ని వెంటబెట్టుకొచ్చాడు, ఎనిమిదేళ్ల పిల్లాడు. వాణ్ని ఇంట్లో దించి, మర్నాడు పొద్దున్నే పనికొచ్చాడు.

అవేమో కాళయుక్తి పంచాంగం పని జరుగుతున్న రోజులు. క్యాలెండర్ల పని కూడా నెత్తి మీదే ఉంది. యజమాని ఆయన్ని చూడగానే అక్క సంగతి అడగలేదు. "చెప్పి పోవాలని తెలీదురా? మీ అక్క కోసం నా పంచాంగం ఆగాలా?" అన్నాడు. అంతమంది ముందు, తండ్రి వయసున్న మనిషిని. వారం జీతం కోత అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, చచ్చినవాళ్ల గురించి. అది నా నోటితో చెప్పను.

మావయ్య మొహం ఎర్రబడింది. మేమంతా రాతిబల్ల వైపు చూశాం, దాని మీద ఫారం ఉంది. ఆయనా చూశాడు. చూసి, తన కేసు దగ్గరికి వెళ్లాడు. దివి వెళ్లే ముందు సగంలో ఆపిన పేజీ అక్కడే ఉంది. దాన్ని పూర్తి చేశాడు. దారం కట్టాడు. ప్రూఫు తీసి, తనే దిద్దాడు. తన వంతు సర్దాల్సిన పాత పేజీలు రెండు ఉంటే, వాటినీ విప్పి, అక్షరం అక్షరం గళ్లలో వేశాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. సాయంత్రం కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, సబ్బు రాసుకుని, యజమాని బల్ల ముందు నిలబడ్డాడు.

"రేపట్నించి రాను. లెక్క చూడండి."

"పోతే పోరా, లెక్కేంటి లెక్క?"

"పోతాను. లెక్క చూశాకే పోతాను."

గొంతు పెంచలేదు. గుమ్మం పక్కన బల్ల మీద కూర్చున్నాడు. యజమాని లోపలికీ బయటికీ నాలుగుసార్లు తిరిగాడు. కాగితాలవాళ్లొచ్చారు, పంచాంగం పంతులుగారొచ్చారు, అందరూ "ఏం మావయ్యా, ఇక్కడ కూర్చున్నావ్" అని అడిగితే, "లెక్క కోసం" అంటాడు. అంతే, అంతకుమించి ఒక్క మాట లేదు. దీపాలు పెట్టేలోగా ఆ నెలలో పనిచేసిన రోజుల జీతం లెక్కగట్టి ఇచ్చాడు యజమాని.

ఇంతటితో అయిపోలేదు. 1972లో గ్రాట్యుటీ చట్టం వచ్చింది. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే చోట, అయిదేళ్లకి తగ్గకుండా పనిచేసినవాడికి, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. తీసేసినవాడికే కాదు, తానుగా మానేసినవాడికీ ఇవ్వాలి. ఈ సంగతి మాలో చాలామందికి తెలియదు. మావయ్యకి తెలుసు, వచ్చే ప్రతి చట్టం ఏదో ఒక కాగితంగా ఆయన చేతుల మీదుగా అచ్చయ్యేది మరి. యూనియన్ కుర్రాణ్ని వెంటబెట్టుకుని లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. అక్కడ యజమాని, "వీడు నా సామాను పాడుచేశాడు" అనబోయాడు. సొత్తు పాడుచేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాడికి ఆ నష్టం మేరకి కోత పెట్టొచ్చని ఆ చట్టంలోనే ఉంది, ఆయన దాన్నే పట్టుకుందామనుకున్నాడు. కానీ పూర్తయిన పేజీ, దిద్దిన ప్రూఫు, సర్దిన కేసులు ఉన్నాయి. చూసినవాళ్లం మేమున్నాం. ఏం పాడుచేశాడని చూపిస్తాడు? నెలలు పట్టిందిగానీ పైసలతో సహా కట్టాడు. మేనల్లుడి చదువు ఆ డబ్బుతోనే మొదలైంది.

పని దొరకలేదా అంటారేమో. 1978 ఫిబ్రవరిలో అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. ఇందిరమ్మ కాంగ్రెస్‌కి కొత్తగా హస్తం గుర్తు. కరపత్రాలు, పోస్టర్లు, ప్రెస్సులకి నిద్ర లేదు. మావయ్య మానేశాడని తెలియగానే రెండు ప్రెస్సులవాళ్లు ఇంటికొచ్చి పిలిచారు. మిషన్ మన్‌కంటే ముందే కబురు వెళ్లిందన్నానే, మావయ్య కంటే ముందూ వెళ్లింది. కబురు మాత్రం వేరు.

పెద్దవాళ్లు మానేస్తే అది చరిత్రకెక్కుతుంది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో సర్కారు దమనకాండకి నిరసనగా కట్టమంచి రామలింగారెడ్డి గారు 1930లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ పదవి వదిలేశారు. 1936లో మళ్లీ ఆ కుర్చీలోకే వచ్చారు. పత్రికా సంపాదకులు నార్ల వెంకటేశ్వరరావు గారు ఆంధ్రప్రభ యాజమాన్యంతో పొసగక బయటికొస్తే, 1960లో మా బెజవాడలోనే ఆంధ్రజ్యోతి పుట్టింది, ఆయనే సంపాదకుడు. మావయ్య ఈ కథ చెప్పి, "ఆయనకి కలం ఉందిరా, మనకి చేతులున్నాయి. చేతులకి మచ్చ పడకూడదు" అనేవాడు. కంపోజిటర్లు మానేస్తే రాసేవాళ్లెవరు? అందుకే నేను చెప్పుకోవాల్సొస్తోంది.

తరవాత ఆఫ్‌సెట్లొచ్చాయి, కంప్యూటర్లొచ్చాయి. ఆ సీసపు అక్షరాలన్నీ కాటాకేసి అమ్మేశారు. ఆ పని తెలిసిన చేతులు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

చెరువు మీద అలిగి కడుక్కోకుండా పోయినవాడి సామెత మీకు తెలుసుగా? మన పెద్దాళ్లు దాన్ని కోపమే వద్దని చెప్పడానికి వాడతారు. నేను అలా చెప్పను. మాట పడాల్సొస్తే మానెయ్యండి, ఆ రోజే మానెయ్యండి, సిగ్గుపడక్కర్లేదు. కాకపోతే వెళ్లేటప్పుడు మూడు చూసుకోండి. మీరు పడేసింది ఏరాల్సొచ్చేది యజమాని కాదు, మీ పక్కన కూర్చున్నవాడు. కాబట్టి మీ పని ముగించి, వాడి చేతిలో సరిగ్గా పెట్టి కదలండి. రెండోది, మీకు రావాల్సిన జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ, పని చేశారని చెప్పే కాగితం, అన్నీ రాయించి తీసుకోండి. కోపంలో వదిలేసిన డబ్బు వాళ్లకి లాభమేగానీ, మీ పౌరుషానికి గుర్తు కాదు. మూడోది, తిట్టొద్దు. తిట్టారంటే తరవాత జనం మీ తిట్టునే చెప్పుకుంటారు, వాళ్లు మిమ్మల్నన్న మాట మర్చిపోతారు.

ఈ మూడూ చేశాక తలుపు ఎంత గట్టిగా వేసినా తప్పులేదు.