థామస్ రో రాయబారం (1615–1619)

ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ తరఫున మొగల్ చక్రవర్తి జహంగీర్ దర్బారుకు సర్ థామస్ రో నడిపిన రాయబారం. ఖర్చు భరించింది మాత్రం ఈస్టిండియా కంపెనీ.

రోకి ముందు, 1608లో కంపెనీ తరఫున సూరత్‌లో దిగిన విలియం హాకిన్స్ ఆగ్రా చేరి, తుర్కీ భాషలో మాట్లాడి జహంగీర్‌ను మెప్పించాడు. 400 మన్సబ్ హోదా దక్కింది గానీ, పోర్చుగీసుల ఒత్తిడితో వర్తకానికి స్థిరమైన అనుమతి రాలేదు. 1611లో మచిలీపట్నంలో కంపెనీ పెట్టిన వర్తక కొఠీ మొగలుల కింద కాక గోల్కొండ కుతుబ్‌షాహీల నేలపై వెలసింది. 1612లో సూరత్ సమీపంలోని సువాలి దగ్గర ఇంగ్లీషు ఓడలు పోర్చుగీసులపై పైచేయి సాధించాయి. మరుసటి ఏడు రాజమాత ఓడ రహీమీని పోర్చుగీసులు పట్టుకోవడంతో దర్బారు వారిపై కన్నెర్రజేసింది.

ఈ పరిస్థితుల్లో వచ్చిన రో 1616 జనవరిలో అజ్మీరులో చక్రవర్తిని దర్శించాడు. సాష్టాంగపడనని ముందే చెప్పి, తన దేశాచారం ప్రకారం వందనం చేశాడు. అతను తెచ్చిన కానుకల్లో ఒక గుర్రపు బండి ఉంది. జహంగీర్ అందులోని గుడ్డ పీకించి పూలు నేసిన పట్టు వేయించాడు, ఇత్తడి మేకులు తీయించి వెండివి కొట్టించాడు. ఇంగ్లండు కానుకకు ఆ దర్బారులో ఉన్న విలువ ఇంతకంటే స్పష్టంగా తెలియదు.

రో కోరిన శాశ్వత సంధి కుదరలేదు. వర్తకులతో సరిసమానంగా ఒప్పందం రాసుకోవలసిన అవసరం మొగలులకు లేదు. గుజరాత్ వ్యవహారాలు చూసే యువరాజు ఖుర్రం నుంచి 1618లో పరిమితమైన వర్తక హక్కులే దక్కాయి. జహంగీర్ ఆత్మకథలో రో ప్రస్తావనే లేదు. రో దినచర్య మాత్రం ఆ దర్బారును తెలుసుకోవడానికి అమూల్యమైన ఆధారం.