కావ్యమునకు ప్రక్కన కంప్యూటరు

1957 నాటి గ్రంథస్వామ్య చట్టమున ‘సాహిత్య కృతి’ నిర్వచనము పట్టికలను, సంకలనములను పేర్కొన్నది. కంప్యూటర్ ప్రోగ్రాము ఊసు అందు లేదు. 1984 నాటి సవరణ దానిని అందు చేర్చినది. అప్పటినుండి తోర్వాలో ఒక తెలుగు కవి వ్రాయు పద్యమును, హైదరాబాదులో ఒక యువకుడు వ్రాయు ప్రోగ్రామును చట్టము దృష్టిలో ఒకే జాతివి. వీడియో ఆటలోని బొమ్మలు, సంగీతము వేరు కృతులు. ఆటను నడుపు ప్రోగ్రాము మాత్రము సాహిత్యమే.

టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును నడచిన వ్యాజ్యమున 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు, అంగడిలో అమ్ముడుపోవు సిద్ధ సాఫ్ట్‌వేరు సరుకేయనియు, అమ్మకపు పన్నునకు లోబడుననియు తీర్పు చెప్పినది. మేధస్సు ఫలము పుస్తకమునకో, ఫలకమునకో ఎక్కిన పిదప సరుకగునన్నది అందలి తర్కము. ఐనను ప్రతిని కొన్నవాడు స్వామ్యమును కొన్నవాడు కాడు. ఈ భేదమును 2021 మార్చి 2 నాటి తీర్పు మరల స్పష్టపరచినది.

సామ్యము ఇంతటితో ఆగును. స్వతంత్రముగా వ్రాసిన కవి తన పద్యమునకు తానే స్వామి. కొలువులో వ్రాసినవాని ప్రోగ్రామునకు, వేరు ఒప్పందము లేనిచో, యజమానియే స్వామి. కలము పట్టినవారెల్లరును ఒప్పందపత్రమును చదివియే సంతకము చేయవలెను.